నాడి దొరికిన రాత్రి చెప్పకూడని మాట

ఆస్పత్రిలో ఆగిన గుండెను మళ్లీ కొట్టుకునేలా చేశాక బయట కాచుకుని ఉన్నవాళ్లు ఒక్కటే అడుగుతారు: "బతుకుతాడా సార్?" ఆ ప్రశ్నకు నేను రెండుసార్లు తప్పు జవాబు చెప్పాను. రెండూ తొందరపాటే.

మొదటిసారి, నేను ఐసీయూ డ్యూటీకి కొత్త. ఓ పెద్దావిడకు సీపీఆర్ చేసి, నాడి చేతికి తగలగానే బయటికొచ్చి "గండం గడిచిందమ్మా" అనేశాను. కూతురు అక్కడికక్కడే బంధువులందరికీ ఫోన్లు చేసింది. తెల్లారకముందే ఆవిడ పోయింది. అమెరికా రిజిస్ట్రీ లెక్కల్లో, ఆస్పత్రిలో గుండె ఆగినవాళ్లలో సగానికి పైగా మందికి నాడి తిరిగొస్తుంది గానీ ప్రాణాలతో డిశ్చార్జ్ అయ్యేది సుమారు నలుగురిలో ఒకరే. ఆ లెక్క చదివి కూడా నాడి దొరికిన సంబరంలో మరిచిపోయాను.

ఆ దెబ్బతో అటు చివరికి పోయాను. కొన్నాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్న ఓ నడివయసు మనిషికి రాత్రి గుండె ఆగింది, సీపీఆర్‌తో తిరిగొచ్చింది. పొద్దున పిలిస్తే పలకలేదు, గిల్లినా కదల్లేదు. "మెదడు పోయింది, ఆశ పెట్టుకోకండి" అన్నాను. "అయితే ఇంటికి తీసుకుపోతాం సార్, నాన్న ప్రాణం ఇంట్లోనే పోవాలని అమ్మ కోరిక" అన్నాడు కొడుకు. సరేనన్నాను. కాగితాలు సిద్ధమవుతున్నాయి.

అప్పుడు సీనియర్ సిస్టర్ వచ్చి, "సార్, మిడజోలామ్ ఇంకా నడుస్తోంది, ఆపమంటారా?" అంది.

సిరంజి పంపు వైపు చూశాను. మందు సన్నగా ఎక్కుతూనే ఉంది. వెంటిలేటర్‌తో పెనుగులాడకుండా ఉండాలని రాత్రి నేనే రాసిన మత్తు అది. కిడ్నీలు పనిచేయనివాళ్లలో దాని ప్రభావం ఓ పట్టాన దిగదు. నేను మందిచ్చి నిద్రపుచ్చిన మనిషిని నేనే లేవడని తేల్చేశాను! పరుగున వెళ్లి ఆ కొడుకు చేతులు పట్టుకుని ఆగమన్నాను. మత్తు పూర్తిగా దిగాక ఆయన కళ్లు తెరిచాడు. వేలు పట్టుకోమంటే పట్టుకున్నాడు.

ఆయన లేచినందుకు సంతోషించాను గానీ, నన్ను వణికించిన సంగతి ఇంకొకటి. సిస్టర్ అడగకపోతే వెంటిలేటర్ గొట్టం తీసేసేవాళ్లం, ఆయన దారిలోనే పోయేవాడు. "డాక్టర్ ముందే చెప్పాడు" అని అందరూ అనుకునేవాళ్లు, నేనూ అదే నమ్మేవాణ్ణి. నా తప్పు నాకెప్పటికీ తెలిసేదే కాదు. మరో మంచం దగ్గర అదే మాట ఇంకా ధీమాగా చెప్పేవాణ్ణి.

స్పృహ రానివాళ్ల విషయంలో ఆశ లేదని తేల్చే ముందు, గుండె తిరిగి కొట్టుకున్నాక కనీసం 72 గంటలు ఆగాలని, మత్తు దిగిందని రూఢి చేసుకోవాలని 2021 యూరప్ మార్గదర్శకాలు చెప్పాయి. ఒక్క గుర్తు చాలదు. కంటిపాప వెలుగుకు స్పందించకపోవడం, ఈఈజీ, స్కాన్, రక్తపరీక్ష లాంటివాటిలో కనీసం రెండు ఒకే మాట చెప్పాలి.

ఇప్పుడు నేను చెప్పేది ఇంతే: "గుండె కొట్టుకుంటోంది. మెదడు సంగతి ఇప్పుడే తెలీదు. మత్తు దిగాక, మూడు రోజులు చూసి చెప్తాను." ఈ మాట వినడం కష్టమే. ఏదో ఒకటి తేల్చి చెప్పమని మీరూ పట్టుబడతారు, మీ చోట నేనున్నా అంతే. అందుకే ఎప్పుడైనా అలాంటి తలుపు బయట నిలబడాల్సి వస్తే ముందు ఇది అడగండి: "మత్తుమందు ఆపి ఎంతసేపయింది డాక్టర్ గారూ?"