ముద్దాయి, కూలీ, కల్లివల్లి

చట్టాన్ని మీరిన మనిషికి సమాజం పెట్టే పేరు, ఆ మనిషి చేసిన పని కంటే అతనికున్న అండదండలను బట్టే నిర్ణయమవుతుందనడానికి తిరుపతి, చిత్తూరు ప్రాంతపు చరిత్రలోనూ, రాయలసీమ నుంచి కువైట్‌కు వలస వెళ్లినవారి జీవితాల్లోనూ నిదర్శనాలు చాలా ఉన్నాయి. న్యాయశాస్త్రం ప్రకారం నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు నిందితుడు మాత్రమే, నేరం రుజువైన తర్వాతనే దోషి అవుతాడు. వాడుకలో మాత్రం ఈ తేడాను చెరిపేసే మాట ముద్దాయి. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగు కచేరీల్లోకి వచ్చిన ఈ మాటకు మూలంలో దావా వేసినవాడు, అంటే ఫిర్యాది అని అర్థం కాగా, తెలుగులో అది తలకిందులై నిందితుడికి అంటుకుంది. అరబ్బీలో పాత అర్థమే నిలిచి ఉంది గనుక, జీతం బకాయి కోసం గల్ఫ్ కోర్టుకెక్కిన తెలుగు కూలీకి ఆ మాట వినబడితే, నేరం తన మీదికే వచ్చిందని బెదిరిపోయినా ఆశ్చర్యం లేదు.

మనిషి పుట్టుకతోనే నేరస్థుడన్న మాట ఈ గడ్డ మీద కొంతకాలం చట్టంగానే అమలైంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే. తమిళులు కొరవలనీ, తెలుగువారు ఎరుకలవారనీ పిలిచే సంచార జనంలో ఎందరో, తీరం నుంచి ఉప్పు మోసుకొచ్చి మెట్ట ఊళ్లలో ధాన్యానికి మారకం వేస్తూ బతికేవారు. రైళ్లు, సర్కారు ఉప్పు చట్టాలు ఆ వర్తకాన్ని దెబ్బతీయగా, బతుకు చెడి తిరుగుతున్న ఆ జనానికే నేరస్థులన్న ముద్ర పడింది. 1952లో చట్టం దేశమంతటా రద్దయ్యాక వారు విముక్త జాతులయ్యారు గానీ, ఊళ్లో దొంగతనం జరిగితే మొదటి అనుమానం ఎవరి గుడిసె మీదికి పోతుందో పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కరలేదు.

శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కథ ఇంకా దగ్గరిది. అంతర్జాతీయ వాణిజ్యంపై నియంత్రణ కోసం 1995 నుంచి సైటీస్ ఒప్పందంలోని రెండవ అనుబంధంలో చేర్చిన ఈ చెట్టును కొట్టేవాడు కూలీ, కూలీలను కుదిర్చి కొండకు పంపేవాడు మేస్త్రీ, దుంగలను దేశం దాటించేవాడు స్మగ్లర్. కూలీల్లో ఎక్కువమంది తమిళనాడులోని జవ్వాదు కొండల వంటి పేద ప్రాంతాలవారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలో జరిగిన ఎన్‌కౌంటర్‌లో ఇరవైమంది చనిపోయారు; వారంతా తమిళనాడువారే. ఆ ఇరవైమందినీ పలు పత్రికలు స్మగ్లర్లనే రాశాయి. అంతకు ముందు 2013 డిసెంబరులో ఇదే అడవిలో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురైన సంగతి మరువరానిదే, ఆ కుటుంబాల దుఃఖమూ చిన్నది కాదు. అయినా దినకూలికి చెట్టు కొట్టినవాడికీ, దుంగను ఓడకెక్కించి కోట్లు గడించినవాడికీ ఒకే పేరు పెట్టడం అన్యాయం. ఆ పేరు వల్ల చంపడం సులువవుతుంది, విచారణ అనవసరమనిపిస్తుంది.

ఇదే వరస కువైట్‌లోనూ కనిపిస్తుంది. రాయచోటి, రాజంపేట, పీలేరు వైపు నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీ వీసా ఆమెకు పూచీదారైన యజమాని, అంటే కఫీల్ పేరు మీద ఉంటుంది. జీతం ఇవ్వలేదనో, కొట్టారనో ఆమె ఆ ఇల్లు విడిచిపోతే, కఫీల్ పరారీ కేసు పెడతాడు, నివాస అనుమతి అయిన అకామా రద్దవుతుంది, ఆనాటి నుంచి తోటి తెలుగువారి నోట ఆమె కల్లివల్లి. 'వదిలెయ్, పోనీ' అనే అర్థమున్న అరబ్బీ పలుకుబడి ఇది. గల్ఫ్ తెలుగులో అది అకామా లేని మనిషికి పేరైంది. కల్లివల్లి అయినవారికి ఆసుపత్రికి పోవాలన్నా భయమే, రోడ్డు మీద పోలీసు బండి కనబడితే సందు తిరగాల్సిందే. 2018లో కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే జరిమానా లేకుండా దేశం విడిచిపోయే వెసులుబాటు ప్రకటించినప్పుడు, పాస్‌పోర్టు చేతిలో లేని ఎందరో భారతీయులు రాయబార కార్యాలయం వద్ద అవుట్‌పాస్, అంటే పాస్‌పోర్టుకు బదులు ఇచ్చే ప్రయాణపత్రం కోసం బారులు తీరారు.

ఆ పాస్‌పోర్టు ఎందుకు చేతిలో లేదన్నదే అసలు ప్రశ్న. ఇంటిపనివారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేకుండా యజమాని తన దగ్గర ఉంచుకోరాదని కువైట్ తన 2015 నాటి 68వ నంబరు చట్టంలోనే చెప్పింది. మన 1983 వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను విదేశీ పనికి పంపడమూ నేరమే. చట్టాన్ని మొదట మీరినవారు పాస్‌పోర్టు దాచుకున్న యజమాని, లైసెన్సు లేకుండా ఊళ్లు తిరిగి ఆమెను విమానమెక్కించిన దళారి. వీరికి మాత్రం నేరాన్ని పట్టిచెప్పే పేరేదీ వాడుకలోకి రాలేదు. యజమానిని ఆ ఇంట్లో ఇంకా 'బాబా' (నాన్న) అనే, అతని భార్యను 'మామా' (అమ్మ) అనే పిలుస్తారు. దళారి ఊళ్లో ఏజెంటుగానే చలామణి అవుతూ, తిరిగొచ్చిన ఆమె ఇంటి పక్కనుంచే మరొకరికి వీసా మాట్లాడుతుంటాడు.