మూత తీసి చూడండి

వంటింటి కుళాయి కారితే ఆ పూటే కనిపెడతాం. ఫ్యాను కిర్రుమంటే రాత్రి నిద్ర పట్టదు. మరుగుదొడ్డి విషయంలో మాత్రం నెలలు గడిచినా పట్టించుకోం. ట్యాంకులోంచి నీళ్లు జారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, తలుపు దగ్గరికి వేసి వచ్చేస్తాం. అది మురికి పని, మనం తలదూర్చేది కాదు అన్న భావన మన ఇళ్లలో తరతరాలుగా పాతుకుపోయింది. దానివల్ల నీళ్లు పోతున్నాయి, డబ్బు పోతోంది, ఒక్కోసారి మనుషుల ప్రాణాలే పోతున్నాయి.

ముందు ఫ్లష్ ట్యాంకు సంగతి చూద్దాం. దాని మూత తీయడానికే చాలామంది జంకుతారు. అందులో ఉండేవి కుళాయిలో వచ్చే నీళ్లే. చెయ్యి పెట్టడానికి సంకోచం అక్కర్లేదు. లోపల ఒక పక్క నీళ్లు లోపలికి వదిలే వాల్వు, దానికి తగిలించిన తేలే బంతి. మధ్యలో నీళ్లను కిందికి వదిలే వాల్వు, దాని అడుగున రబ్బరు వాషరు. నీళ్లు మితిమీరితే పోవడానికి ఒక నిలువు గొట్టం. ఇంతకుమించి అందులో ఏమీ లేదు. మూత తీసి ఉంచి ఒకసారి ఫ్లష్ చేసి చూడండి. నీళ్లు దిగిపోతాయి, బంతి కిందికి వాలుతుంది, పక్క వాల్వులోంచి ధార బుస్సుమని మొదలవుతుంది. బంతి లేస్తున్నకొద్దీ ధార సన్నబడి చివరికి ఆగిపోతుంది.

ఆగకపోతే లోపం ఎక్కడుందో నీటిమట్టాన్ని చూసి తెలుసుకోవచ్చు. నీళ్లు నిలువు గొట్టం అంచుదాకా వచ్చి అందులోకి పొర్లుతుంటే తేడా పక్క వాల్వులో ఉంది. బంతిని కాస్త కిందికి సర్దాలి, లేదా వాల్వులో ఇరుక్కున్న ఇసుక నలుసు తీయాలి. మట్టం అంచుకు కిందే ఉన్నా కమోడ్‌లోకి సన్నగా జారుతుంటే అడుగు వాషరు సరిగా మూసుకోవడం లేదు. అనుమానం తీరకపోతే ట్యాంకులో నాలుగు చుక్కలు బట్టల నీలిమందు కలిపి, పావుగంట ఎవరినీ ఫ్లష్ చేయవద్దని చెప్పండి. కమోడ్‌లో నీలం కనబడిందా, ఇక వాషరు సంగతి చూడాల్సిందే.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ వాషరు అరగడం కంటే దానిమీద ఉప్పు పేరుకోవడం ఎక్కువ. బకెట్ల అంచున తెల్లటి చార కట్టే నీళ్లే కదా ట్యాంకులోకీ వచ్చేది. గోడ దగ్గరి యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, మధ్య వాల్వును మెల్లగా తిప్పితే చాలా రకాల్లో ఊడి చేతికి వస్తుంది. వేలితో తడిమితే రబ్బరు మీద గరుకు తెలుస్తుంది. వాషరును వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అది కూర్చునే అంచునూ తుడవండి, మరిచిపోయేది అదే. రబ్బరు గట్టిపడి వంకర తిరిగి ఉంటే మాత్రం కొత్తది వేయాల్సిందే. పాతదాన్ని జేబులో వేసుకుని శానిటరీ దుకాణానికి వెళ్లండి. ఫలానా కంపెనీ ట్యాంకు అని చెబితే సరిపోదు, పక్కపక్కన పెట్టి సైజు చూసుకోవాలి.

ఇంత చిన్న వాషరు మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? లెక్క వేసి చూడండి. నిమిషానికి నూరు మిల్లీలీటర్లు, అంటే ఓ అరగ్లాసు కారితే రోజుకు 144 లీటర్లు. నెలకు 4,320 లీటర్లు. హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. అందులో ఐదో వంతు పైన ఒక్క వాషరు సందులోంచి జారిపోతుందన్నమాట. ఆ నగరానికి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, కరెంటు ఖర్చుతో ఎత్తిపోస్తే వస్తున్నాయి. అలా వచ్చిన నీళ్లు ఎవరికీ పనికిరాకుండా పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక నీళ్లు దిగకపోవడం. అడ్డుపడింది అనగానే యాసిడ్ సీసా కోసం పరిగెత్తే అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుడ్డ పీలికను గాని, శానిటరీ ప్యాడ్‌ను గాని, షాంపూ ప్యాకెట్‌ను గాని యాసిడ్ కరిగించలేదు. అంతకుముందే ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే, ఆ రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు వేసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకండి, ఒకదాని వెంట మరొకటి కూడా వేయకండి.

యాసిడ్ బదులు బయటికి నడవండి. ఇంటి పక్కనో పార్కింగులోనో ఛాంబర్ ఉంటుంది. దూరంగా నిలబడి దాని మూత తీయించి చూడండి. ఇంట్లో నీళ్లు నిలిచిపోయి ఛాంబర్ పొడిగా ఉంటే అడ్డు ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య ఉంది. ఛాంబర్ కూడా నిండి ఉంటే అడ్డు దాని అవతల, రోడ్డు లైనులోనో సెప్టిక్ ట్యాంకులోనో ఉంది. అప్పుడు కమోడ్ దగ్గర ఎంత కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. స్నానాల గది జాలీలోంచి గుడగుడమని చప్పుడు వస్తున్నా అనుమానం బయటి లైను మీదే. అడ్డు ఒక్క కమోడ్‌కే పరిమితమైతే ప్లంజర్ చాలు. రబ్బరు గిన్నె నీళ్లలో మునిగేలా పెట్టి మెల్లగా నొక్కాలి, గట్టిగా లాగాలి. చాలాసార్లు అడ్డును కదిలించేది నొక్కుడు కాదు, లాగుడే. ఇనుప ఊచ పెట్టి పొడిస్తే పింగాణీ పగులుతుంది. మరిగే నీళ్లు పోసినా అంతే.

కింది వాటా సీలింగు మీద తడి మరక వచ్చిందంటే అపార్ట్‌మెంట్లలో గొడవలు మొదలవుతాయి. తగాదా పడేముందు ఓ సంగతి గమనించండి. ఎప్పుడూ ఒకేలా కారుతుంటే మంచినీళ్ల పైపు అయి ఉండవచ్చు. ఫ్లష్ చేసినప్పుడో స్నానం చేసినప్పుడో మాత్రమే పెరిగితే మురుగు పైపు అతుకు దగ్గర చూడాలి.

ఏ అడ్డూ లేకుండా వాసన వచ్చే సందర్భం ఇంకొకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. వేసవి సెలవులకు ఊరెళ్లి తిరిగొచ్చి తలుపు తీయగానే గుప్పుమంటుంది. కమోడ్ కింద, నేల జాలీ కింద పైపు వంకర తిరిగి ఉంటుంది. ట్రాప్ అనేది దాన్నే. ఆ వంపులో నిలిచిన కాసిని నీళ్లే మురుగు గాలికి అడ్డుగోడ. ఎస్ ఆకారపు వంపుతో ఫ్లష్ లెట్రిన్‌కు 1775లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమింగ్ లండన్‌లో గడియారాలు చేసేవాడు. రెండున్నర శతాబ్దాలైనా ఆ ఉపాయాన్ని మించింది రాలేదు. వాడకుండా వదిలేసిన గదిలో ఆ నీళ్లు ఎండిపోతాయి. ఒక మగ్గు నీళ్లు పోస్తే వాసన పోతుంది. ఊరెళ్లేముందు జాలీలో చెంచాడు నూనె వేస్తే, అది పైన తెట్టులా పరుచుకుని నీళ్లు త్వరగా ఆరనివ్వదు.

మన చేతులతో చేసుకునే పనులు ఇక్కడితో ఆఖరు. సెప్టిక్ ట్యాంకు మన పని కాదు, అసలు ఏ మనిషీ దిగి చేయాల్సిన పనే కాదు. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి, ఆక్సిజన్ ఉండదు. మొదట దిగినవాడు పడిపోతే, కాపాడబోయినవాడూ అక్కడే పడిపోతాడు. ఇలాంటి వార్తలు పేపర్లో తరచూ చదువుతూనే ఉన్నాం. కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టిన బెజవాడ విల్సన్ తన జీవితమంతా ఈ దురాగతం మీద పోరాటానికే పెట్టారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అయినా తక్కువ డబ్బుకు దిగేవాడు దొరికితే చాలని వెతికే ఇళ్లు మన వీధుల్లో ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో చదువుకున్నవారూ ఉన్నారు, నాకు మింగుడుపడనిది ఇదే.

కొత్త ఇల్లు కట్టేవాళ్లకు, పార్కింగులో టైల్స్ వేయించుకునేవాళ్లకు ఒక్క మనవి. అందం కోసం ఛాంబర్ల మీద, సెప్టిక్ ట్యాంకు మూత మీద టైల్స్ పరిపించి మూసేయకండి. మూత పైకి తేలి ఉంటేనే సక్షన్ లారీ పైపు లోపలికి వెళుతుంది. రెండు మూడేళ్లకోసారి ఆ లారీని పిలిపించండి, నిండి పొంగేదాకా ఆగకండి. లారీ రాదు, మనిషిని దింపుదాం అని ఎవరైనా సలహా ఇస్తే వద్దని గట్టిగా చెప్పండి. రక్షణ సామగ్రి, యంత్రాలు లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.