ఇల్లు లేని సైనికులు

నిరుటి వేసవిలో మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, "నాన్నగారూ, వీడిని మీ వద్దకు పంపుతున్నాను. వీడు చదివే పుస్తకాలు మీరొకసారి చూడాలి," అన్నది. మనవడికి అప్పటికి పదిహేడేళ్ళు. ఇంజనీరింగు ప్రవేశపరీక్ష వ్రాయననీ, నేషనల్ డిఫెన్స్ అకాడమీకి దరఖాస్తు పెడతాననీ ఇంట్లో ప్రకటించాడట. తప్పంతా ఆ పుస్తకాలదేనని తల్లి నిశ్చయం. "యుద్ధం చూచినవారు మీరు. అవెంత అబద్ధాలో మీరు చెబితేనే వాడు వింటాడు."

నేను సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేశాను. 1971 డిసెంబరులో తూర్పు సరిహద్దున ఉన్నాను. పశ్చిమ గోదావరిలో మా వైపు అదేమంత విశేషం కాదు. తరతరాలుగా పిల్లలను పటాలానికి పంపుతున్న మాధవరం మాకు దగ్గరలోనే ఉన్నది. అయినా యుద్ధం గురించి నేను ఇంట్లో ఎన్నడూ నోరు విప్పలేదు. విప్పమని ఎవరూ అడగనూ లేదు.

మనవడు వస్తూనే నాలుగు లావుపాటి ఇంగ్లీషు నవలలు, ఒక పెట్టెడు బొమ్మ సైనికులు నా బల్లమీద పరచాడు. బొటనవ్రేలంత బొమ్మలు. ఒక్కొక్కదానికి సన్నని కుంచెతో వాడే రంగులు వేశాడు. బూటు మీది బురదతో సహా! ఇదంతా 'వార్‌హామర్ 40,000' అనే ఆట. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ 1987లో దీనిని వెలువరించింది. బల్లమీద సైన్యాలను నిలిపి, పాచికలు వేసి, కొలబద్దతో అడుగులు కొలిచి ఆడాలి. ఆటకు నేపథ్యంగా పుట్టిన లోకంలోనే యీ నవలలు నడుస్తాయి.

ఆ లోకం చీకటి లోకం. మన కాలానికి సుమారు ముప్పైఎనిమిది వేల ఏళ్ళ తరువాతి కథ. మానవ సామ్రాజ్యానికి చక్రవర్తి అయినవాడు పదివేల సంవత్సరాలుగా స్వర్ణసింహాసనం మీద చావక బ్రతకక కూర్చుని ఉంటాడు. ఆయనను నిలిపి ఉంచడానికి దినానికి వేయిమంది ఆహుతి కావాలి. ప్రజలు ఆయనను దేవుడని కొలుస్తారు. ప్రశ్నించినవాడు ద్రోహి. యుద్ధానికి అంతం లేదు. చదువుతూ, "దీనిలో మంచివాళ్ళెవరురా?" అని అడిగాను. "ఎవరూ లేరు తాతయ్యా, అదే దీని విశేషం," అన్నాడు.

మొదట హోరస్ గాథ పట్టుకున్నాను. 2006లో 'హోరస్ రైజింగ్'తో మొదలై, యాభైకి పైగా సంపుటాలు సాగి, 2024లో ముగిసిన కథ. తండ్రి మీద కొడుకులు తిరగబడి, అన్నదమ్ములు రెండుగా చీలి కొట్టుకోవడం. కురుక్షేత్రం విన్న చెవులకు అది కొరుకుడు పడనిది కాదు. కాని అందులోని వీరులు మందులతో, శస్త్రచికిత్సలతో తయారైన మహాకాయులు, భయమన్నది ఎరుగరు. నాకు అక్కడే విసుగు పుట్టింది. భయమెరుగని వాడు తుపాకికి ఎదురుపోతే అందులో చెప్పుకోవలసిందేమున్నది? మొదటి రాత్రి నా చేతులు ఎంతగా వణికాయంటే, సెట్టు మీటలు తిప్పడానికి ఎడమచేత్తో కుడిచేతిని అదిమి పట్టుకోవలసి వచ్చింది. పుస్తకం మూసివేశాను.

యీ పుస్తకాల గురించి చదువరులలో ఏకాభిప్రాయం లేదని తరువాత తెలిసింది. ఆదివారాలు మనవడి మిత్రబృందం ఒకరింట చేరి ఆడుతుందట. వారిలో ఒక అమ్మాయి ఇదంతా వ్యంగ్యమంటుంది. థాచర్ నాటి బ్రిటన్‌లో యువకులు అధికార దర్పాన్ని వెక్కిరిస్తూ కట్టిన కథ అంటుంది. మరొక కుర్రవాడు మాత్రం, శత్రువులు చుట్టుముట్టినప్పుడు అంత కఠినంగా ఉండవలసిందేనని వాదిస్తాడట. యీ రెండవ రకం చదువరులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. స్పెయిన్‌లో ఒక పోటీకి ఒకడు నాజీ చిహ్నాలు ధరించి రాగా, 2021 నవంబరులో ఆ సంస్థే ప్రకటన చేయవలసి వచ్చింది: యీ సామ్రాజ్యం ఆదర్శం కాదు, హెచ్చరిక, అటువంటి చిహ్నాలతో వచ్చేవారికి తమ పోటీలలో చోటు లేదు అని. వ్యంగ్యమని విడమరచి చెప్పవలసి రావడం రచయితలకు ఏపాటి గౌరవమో నాకు తెలియదు. బొమ్మలు అంత అందంగా ఉంటే వెక్కిరింత ఎవరికి వినబడుతుంది? అయితే యీ తగవు కొత్తదీ కాదు. 1959లో హైన్‌లైన్ 'స్టార్‌షిప్ ట్రూపర్స్' వ్రాస్తే, వియత్నాంలో గాయపడి వచ్చిన హాల్డెమన్ 1974లో 'ది ఫరెవర్ వార్' వ్రాశాడు. ఏది యుద్ధాన్ని కీర్తించింది, ఏది దూషించిందన్న చర్చ నేటికీ సాగుతున్నది.

"మీకు నచ్చేది ఇది," అని మూడవనాడు మనవడు డాన్ అబ్నెట్ నవలలు రెండు నా చేతిలో పెట్టాడు. ఇవి మామూలు సిపాయిల కథలు. టానిత్ అనే గ్రహం మీద పటాలాలు ఏర్పడిన రోజునే శత్రువులు ఆ గ్రహాన్ని నాశనం చేస్తారు. సేనాని గాంట్ మిగిలినవారిని ఓడలెక్కించి బయటపడవేస్తాడు. మాతృభూమితో కలిసి చావనివ్వలేదని వారిలో కొందరు ఆయనను క్షమించరు. సెలవు దొరికినా వెళ్ళడానికి ఇల్లు లేని సైనికులు వాళ్ళు.

రెండవ నవల 'నెక్రోపొలిస్', 2000లో వచ్చింది. ఒక మహానగరపు ముట్టడి. అందులో గోల్ కోలియా అనే గని కార్మికుడు ఉన్నాడు. బాంబులలో భార్యాబిడ్డలు పోయారని నమ్మి, తోటి కార్మికులను కూడగట్టి పోరాడి, చివరకు పటాలంలో చేరతాడు. నిజానికి భార్యే పోయింది. పిల్లలిద్దరినీ ఒక వీధి ముఠా పిల్ల శిథిలాల నుంచి కాపాడింది. ఆమె కూడా అదే పటాలంలో చేరి వారిని పెంచుకుంటుంది. తరువాతి నవలలలో కోలియాకు సంగతి తెలుస్తుంది. తెలిసీ చెప్పడు. వారికి మరొక తల్లి, మరొక తండ్రి అమరిపోయారు. మళ్ళీ చీల్చడం దేనికని దూరంగా నిలబడి చూస్తాడు. యీ ఘట్టం మనవడు నోటితో చెబుతుండగా నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను.

లోపాలు లేవా? ఉన్నాయి. పుటపుటకూ తుపాకులు మ్రోగుతాయి. యుద్ధంలో ముప్పాతిక భాగం ఎదురుచూపు, దోమలు, రాని ఉత్తరాలు, విరేచనాలు. వాటికి యీ పుస్తకాలలో చోటు తక్కువ. వెనుకంజ వేసిన సిపాయిని అధికారి అక్కడే కాల్చివేయడం కూడా నేనెరిగిన సైన్యం కాదు. ఒక్క అడుగూ వెనక్కు వద్దన్న 1942 నాటి స్టాలిన్ ఉత్తరువు ఛాయ అది. నా సుబేదారుగారు తన వాటా రొట్టె మాకు విరిచి పెట్టినవాడు.

ఆ రాత్రి మనవడు పక్కమీద కూర్చుని, "నిజంగా అలాగే ఉంటుందా తాతయ్యా?" అని అడిగాడు. అప్పుడు చెప్పాను. మాకు ముందున్న కంపెనీలో ఒక మరాఠీ ఆపరేటరు ఉండేవాడు. వాడి ముఖం నేను చూడలేదు, గొంతే తెలుసు. రాత్రి సందేశాలన్నీ అయిపోయాక మెల్లగా, "ఛాయ్ తాగావా?" అని అడిగేవాడు. అది నిబంధనకు విరుద్ధం. ఒక తెల్లవారుజామున వాడు పలకలేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. నలభై నిమిషాల తరువాత మా అధికారి వచ్చి నా చెవుల మీదనుంచి హెడ్‌ఫోన్లు తీసివేశాడు. యాభై ఏళ్ళకు పైబడి యీ మాట మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయన పేరేమిటి?" అన్నాడు. చెప్పాను.

మర్నాడు అమ్మాయికి ఫోను చేసి, ఆ పుస్తకాలు అన్నీ అబద్ధాలు కావనీ, చదవనిమ్మనీ అన్నాను. దరఖాస్తు సంగతి? నేను వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. గడువుకు రెండు రోజుల ముందు వాడే నింపి పంపాడు. తల్లి నాతో నెలరోజులు మాట్లాడలేదు.

వెళ్ళేముందు వాడు ఒక బొమ్మను నా బల్లమీద వదలి వెళ్ళాడు. వీపున వైర్‌లెస్ సెట్టు మోస్తున్న సిపాయి. ఆ నవలల్లో దానిని వాక్స్ అంటారు. ఏరియల్ కొద్దిగా వంగింది. దానిని సరిచేయవద్దని పనిమనిషికి చెప్పాను.