ఇరవై గేర్లు పీకించేశాను

నాదొక హార్డ్‌టైల్ మౌంటెన్ బైక్. అంటే ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లుంటాయి, వెనక ఏమీ ఉండదు. నాచారంలో మౌంటెన్ ఎక్కడుందని మాత్రం అడక్కండి. కొన్నప్పుడు నా కళ్ళకి కనబడింది 21 గేర్లు అన్న మాట ఒక్కటే.

ఇల్లు నాచారం, ఆఫీసు ఉప్పల్. ఆదివారాలు సరదాగా ఘట్‌కేసర్ వైపు వెళ్ళేవాణ్ణి. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలయ్యాక ఏళ్ళ తరబడి ఆ రోడ్డెలా ఉందో అటు తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండలో దుమ్ము, వానలో బురద. ఆ బురదంతా పోయి గేర్లు మార్చే డిరైలర్లో కూర్చునేది. ఒకరోజు పార్కింగులో ఎవరి బండో తగిలి, అది వేలాడే ప్లేటు కాస్త వంగింది. కాస్తే! కానీ ఆ రోజు నుంచి నేనొక గేరు వేస్తే అదింకో గేరు పడేది.

కొన్నచోటికి తీసుకెళ్తే "పార్టు రావాలి సార్" అన్నారు. ఆరు వారాలు రాలేదు. సైకిల్ బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకోడానికి పనికొచ్చింది.

ఖాళీగా ఉండి లెక్కేశాను. ముందు మూడు పళ్ళచక్రాలు: 42, 34, 24 పళ్ళు. వెనక 14 నుంచి 28 దాకా ఏడు. 42ని 28తో భాగిస్తే 1.5. 24ని 16తో భాగించినా 1.5. 34ని 22తో భాగిస్తే 1.55. అంటే మూడు వేర్వేరు గేర్లని నేననుకున్నవి దాదాపు ఒకటే! ఒకే పని చేసే ఫంక్షన్ని మూడు పేర్లతో రాసిన కోడు చూసినట్టనిపించింది. పైగా ఇన్నాళ్ళూ నేను వాడినవి రెండో మూడో.

ఉప్పల్లో రోడ్డు పక్కన పంక్చర్లు వేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి, గేర్లన్నీ తీసేసి మామూలు సైకిల్ ఫ్రీవీల్ వెయ్యమన్నాను. ఆయన సైకిల్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"గిన్ని పైసలు పెట్టి కొన్నవ్, తీసేయమంటున్నవా సార్?"

పని మాత్రం రెండు గంటల్లో అయిపోయింది. ఏడు పళ్ళచక్రాల ఫ్రీవీల్ విప్పి, అదే మరలకి మామూలు 18 పళ్ళది బిగించాడు. అది హబ్బుకి మరీ దగ్గరగా కూర్చుంది, ముందున్న 34కి తిన్నగా రాలేదు. యాక్సిల్ మీద కుడివైపు వాషర్లు తీసి ఎడమవైపు వేశాడు. దాంతో రిమ్ము పక్కకి జరిగింది. కుడి స్పోకులు వదులు చేసి, ఎడమవి బిగించి, బ్రేకు రబ్బరుకి ఎంత దూరముందో కంటితోనే చూసుకుంటూ మధ్యకి లాక్కొచ్చాడు. నేనైతే దీనికో ఎక్సెల్ షీటు తెరిచేవాణ్ణి. చైను కూడా మామూలుదే, కొంచెం వెడల్పుది. ఖరీదైన ఫ్రేముల్లో వెనక చక్రం కూర్చునే గాడి నిలువుగా ఉంటుంది, చైను బిగించడానికి విడిగా టెన్షనర్ కావాలి. నాది చవకరకం ఇనప ఫ్రేము, గాడి పొడుగ్గా ఉంది. చక్రాన్ని వెనక్కి లాగి నట్లు బిగిస్తే అయిపోయింది.

ఇప్పుడు 26 అంగుళాల చక్రంతో పెడల్ ఒక చుట్టు తిరిగితే దాదాపు 3.9 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 18 కిలోమీటర్ల పైచిలుకు. అంతకంటే వేగం నావల్ల కాదు, ఉప్పల్ ట్రాఫిక్‌లో అవసరమూ లేదు.

అంతా బావుందంటే అబద్ధం. సాయంత్రం నాచారం వైపు ఎదురుగాలి ఉంటే మోకాళ్ళు పట్టేస్తాయి. మొదటివారం ఒకచోట తొక్కలేక దిగిపోయాను. ఎవరైనా కొలీగ్స్ చూస్తున్నారేమోనని ఫోనొచ్చినట్టు నటించాను కూడా. అప్పుడే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తన నల్ల సైకిల్ నడిపించుకుంటూ వెనకనించి వచ్చాడు, క్యారేజీ హ్యాండిల్‌కి వేలాడుతోంది. ఆయన సైకిల్‌కి పుట్టినప్పట్నుంచీ ఒకటే గేరు.

"మీరు గూడ దిగిన్రా సార్? నేను రోజూ ఈడనే దిగుత."

ఫోను జేబులో పెట్టేశాను. ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం. ఇరవై ఏళ్ళ పైనే అయిందట ఆ సైకిల్ కొని. ఫ్రీవీల్ ఎన్నిసార్లు మార్చాడో లెక్క చెప్పలేకపోయాడు గానీ, దొరకలేదని ఒక్కరోజు కూడా ఆగలేదట.

పీకిన సామాన్లు పెద్దాయన దగ్గరే వదిలేశాను. మొన్న గాలి కొట్టించుకోడానికి ఆగితే, గేర్లు మార్చే లివర్లు కనబడలేదు. రామంతాపూర్ నుంచి ఎవరో పిల్లాడొచ్చి గేర్ల సైకిలే కావాలని ఏడిస్తే వాడి సైకిల్ హ్యాండిల్‌కి బిగించాడట. కేబుల్ దేనికీ కలపలేదు. ఊరికే టిక్కు టిక్కుమంటాయంతే. వాడు రోజూ మారుస్తున్నాడట :)