తెర లేని సర్వరు

ఇంట్లో వెబ్ సర్వరు నడపడానికి బొమ్మల తెర ఉండాలా, అక్కర్లేదా? హన్మకొండలోని మా ఇంట్లో ఇదే వాదన. "బొమ్మల్లేకుంటే గదేం కంప్యూటర్‌రా?" అంటాడు మా అన్న. నిజమే, కొత్తగా నేర్చుకునేవాడికి బొమ్మలు ధైర్యమిస్తాయి. కానీ మా పాత యంత్రానికున్న మెమరీ 1 గిగాబైటే. అందులో సగం అలంకారానికే పోతే అసలు పనికి మిగిలేదెంత? అందుకే డెబియన్‌ను తెర లేకుండానే పెట్టాను. 1995లో పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్‌తో పక్క గదిలోంచే ఆజ్ఞలిస్తాను. ప్రోగ్రాములు తగ్గితే దొంగలు దూరే సందులూ తగ్గుతాయి. కరెంటొస్తే లేవమని బయాస్‌లో ఒక్కసారి చెబితే చాలు, తనంతట తానే లేస్తుంది.

అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటలు అందులోనే ఉన్నాయి. దుబాయిలో ఉన్న చిన్నమ్మ పని ముగిశాక రాత్రిళ్లు వింటుంది. ఆమెకు కావలసింది ఆ గొంతు. సర్వరుకు తెర ఉంటేనేం, లేకుంటేనేం?