బ్యాటన్ ఇచ్చాక

పాపిరెడ్డిపట్టి
జనవరి 20

అమ్మలూ,

క్షేమంగా చేరాను. జోలార్‌పేటలో బండి మారి, తిరుపత్తూరు, సామల్‌పట్టి, మొరప్పూరు దాటి మధ్యాహ్నానికి బొమ్మిడిలో దిగాను. బొమ్మిడికి ముందు వచ్చే స్టేషను పేరు బుద్దిరెడ్డిపట్టి. ఆ బోర్డు చదవగానే మనూరివాళ్లెవరో పలకరించినట్టయింది. బొమ్మిడి నుంచి బస్సులో ఈ ఊరు. పాపిరెడ్డి మనవాడు, పట్టి అరవం. విజయనగర రాజుల కాలంలో, ఆ తర్వాత నాయకుల కాలంలో దక్షిణానికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ ధర్మపురి, సేలం పల్లెల్లో చాలామందే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజార్లో అరవం. మావాడు, అదే నా పాత స్నేహితుడు, వాళ్లలో ఒకడు. అతనికి తెలుగు చదవడం, రాయడం రాదు. అమ్మ దగ్గర విన్న మాట అలాగే నిలబెట్టుకున్నాడు.

బస్సు దిగీ దిగగానే "ఎట్లుండావప్పా" అంటూ రెండు చేతులూ పట్టుకున్నాడు. 1987లో పాటియాలాలో, మోతీబాగ్ ప్యాలెస్‌లోని మా ఇన్‌స్టిట్యూట్‌లో కోచింగ్ డిప్లొమా చేస్తున్నప్పుడు మా స్నేహం మొదలైంది. చలికి వణుకుతూ, హిందీ సరిగ్గా రాక, హాస్టల్లో తెలుగు వినబడ్డ గదిలోకి ఇద్దరం చేరాం. తర్వాత నేను కాకినాడ వచ్చేశాను. అతను ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లలో పి.ఇ.టి. మాస్టరుగా పనిచేసి నాకంటే నాలుగేళ్ల ముందు రిటైరయ్యాడు.

నువ్వు "నాన్నా, కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్లిరా" అన్నప్పుడు నీ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. నేను బయల్దేరింది అందుకే. ఈ పదకొండు నెలలూ ఇంట్లో ఏం చేశానో రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కటే తలుచుకున్నాను. అమ్మ కత్తిపీట ముందు కూర్చునే తీరు నడుముకి మంచిది కాదని రోజూ చెప్పాను. అల్లుడుగారు మెట్లెక్కుతుంటే పాదం సరిగా ఆనడం లేదన్నాను. చిన్నోణ్ణి నాలుగున్నరకి లేపి గ్రౌండుకి తీసుకెళ్లి, తొమ్మిదేళ్ల పిల్లాడి అరవై మీటర్ల పరుగుకి నోటుబుక్కులో గళ్లు గీశాను. వాడి బూట్లు బియ్యం డబ్బా వెనక దొరికిన రోజు వాడు నా మొహం చూడలేదు. వాడికి పరుగంటే ప్రాణం. ఆ ఇష్టాన్ని నాకు కనబడకుండా దాచుకోవలసి వచ్చింది వాడికి.

ముప్పై ఆరేళ్లు తప్పు పట్టడమే నా ఉద్యోగం. మోకాలు లేవడం లేదా, భుజం బిగుసుకుందా, ఆఖరి పది మీటర్లలో తల వెనక్కి పోతోందా అని కోచ్ కన్ను ముందు లోపం మీదే పడాలి. పడకపోతే పిల్లలకి అన్యాయం చేసినట్టే. నేను ఫిబ్రవరి నెలాఖరున రిటైరయ్యాను కానీ ఆ కన్ను రిటైరవలేదు. గ్రౌండు లేకపోయేసరికి అది ఇంటిమీద పడింది.

ఉంటాను. అమ్మకి వేరే రాస్తున్నాను.

నాన్న


జనవరి 22

అమ్మలూ,

ఇక్కడా నాలుగింటికే మెలకువ వస్తోంది. మావాడికీ అంతే. ఇద్దరం చీకట్లో అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతాం. తెల్లవారేసరికి నైరుతి వైపు షెవరాయ్ కొండలు ముందు నల్లగా, తర్వాత నీలంగా, ఆపైన ఆకుపచ్చగా తేలతాయి. ఆ కొండల మీదే ఏర్కాడు. పొద్దున్నే రాగి కళి పెడుతున్నారు. అది మన సీమవాళ్ల సంగటే.

మావాడికి రెండెకరాలుంది. అరవవాళ్ల ఈ తై నెలలో కర్రపెండలం తవ్వుతున్నారు. మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకి వెళ్లే దుంపే. ఇక్కడ మరవళ్లి అంటారు, ఈ పంట సేలం వైపు మిల్లులకి వెళుతుంది. పది నెలలు నేలలో ఉండే పంట. మొదలు పట్టుకుని అటూ ఇటూ ఊపి ఒక్క ఊపున లాగితే చేతివేళ్లలా విచ్చుకున్న దుంపల గుత్తి మట్టితో సహా పైకొస్తుంది. దుంపల్ని లారీకెత్తేస్తారు. కర్రల్ని పారేయరు. కట్టలు కట్టి చెట్టునీడన నిలబెడతారు. మళ్లీ పంటకి విత్తనం ఆ కర్రే. జానెడు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఎనిమిది పది కన్నులుండేలా చూసుకుని, కన్నులు పైకి తిరిగేలా గట్టు మీద నిలువుగా గుచ్చుతారు.

నిన్న నేనూ ఒక సాలు నాటాను. మావాడు వెనకాలే నడిచాడు, ఒక్క మాట అనలేదు. రాత్రి కళి తిని మంచాల మీద కూర్చున్నాక చెప్పాడు.

"నాలుగు పుల్లలు తలకిందులు పెట్టినావప్పా."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"అప్పుడే చెప్పింటే మిగిలిన సాలంతా నా మొగం చూస్తా నాటింటావు."

టార్చిలైటు పట్టుకుని ఇద్దరం వెళ్లి ఆ నాలుగూ తీసి తిరగేసి పెట్టాం. ఐదు నిమిషాల పని. తలకిందులు పెట్టినా మొలుస్తుందట, కాస్త ఆలస్యంగా. కాకపోతే దుంప తగ్గుతుందట. అంటే సరిదిద్దక తప్పదు. కానీ నాటే చెయ్యి వణకకుండా సరిదిద్దే సమయం ఒకటుంటుంది.

రాత్రి నిద్ర పట్టలేదు. నా దగ్గర ఎనిమిదేళ్లు పరిగెత్తిన ఒక పిల్ల గుర్తొచ్చింది. గీత దాటగానే ఆ పిల్ల చూపు ఎప్పుడూ నా చేతిలోని గడియారం మీదికి, అక్కణ్ణుంచి నా మొహం మీదికి వచ్చేది. గెలిచిన రోజు కూడా అంతే. అది క్రమశిక్షణ అనుకుని గర్వపడ్డాను. ఎంతమంది పిల్లలు నా మొహం చూస్తూ పరిగెత్తారో ఇప్పుడు లెక్క పెట్టుకుంటున్నాను.

నాన్న


జనవరి 24

అమ్మలూ,

ఇవాళ ముల్లికాడు దగ్గరున్న వాణియారు డ్యాము చూసొచ్చాం. షెవరాయ్ కొండల్లో పుట్టిన వాణియారు ఇక్కడ ఆగి, కాలవల్లో పొలాలకి పారి, మిగిలింది వెళ్లి తెన్‌పెణ్ణై నదిలో కలుస్తుంది. కట్ట మీద గాలి చల్లగా ఉంది. అక్కడ కూర్చుని ఈ జిల్లా పాత కథ చెప్పాడు మావాడు. ధర్మపురికి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్‌కి తింటే ఆయుష్షు పెరిగే ఉసిరికాయ ఒకటి దొరికిందట. ఆయన అది తినకుండా కవయిత్రి అవ్వైయారుకి ఇచ్చేశాడట.

"మనమూ అంతే కదా, మన ఉసిరికాయలు పిల్లలకే ఇచ్చాం" అన్నాను.

మావాడు చాలాసేపు నీళ్లకేసి చూసి, "ఆయన ఇచ్చేసి ఊరకుండినాడప్పా. పెరిగిన ఆయుష్షుతో ఏం చేస్తా ఉండావని మళ్లా పోయి అడగలే" అన్నాడు.

ఈ మాట తగలవలసిన చోటే తగిలింది. నేను రిటైరైన వారానికే పాత గ్రౌండుకి వెళ్లిన సంగతి నీకు చెప్పలేదు. నా స్థానంలో వచ్చిన అబ్బాయి పిల్లలకి స్టార్టులు నేర్పుతున్నాడు. ఒకడి చేతులు తప్పుగా ఉన్నాయని నేను గట్టిగా అరిచాను. పిల్లలంతా నా వైపు తిరిగారు. ఆ అబ్బాయి "సార్, మీరు చెప్పండి" అని పక్కకి జరిగి నిలబడ్డాడు. అంతమంది పిల్లల ముందు అతణ్ణి ఆ స్థితిలో నిలబెట్టింది నేను. ఇంటికొచ్చి, కొత్తవాడికి పని తెలియదని మీతో అన్నాను. అతనికి పని తెలుసు. నాకే వెళ్లిపోవడం తెలియలేదు.

మా వృత్తిలో పెద్దవాళ్ల జీవితాల గురించి మాట్లాడుకున్నాం. మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మొదట బడిపంతులు. ఆయన కోచింగులో మన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయనకి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగే రోజులు ఆయనకి రాలేదు. ఉషని తయారుచేసిన నంబియార్ గారికి వచ్చాయి. 1984లో లాస్ ఏంజిలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో ఉషకి కాంస్యం పోయింది. మరుసటి ఏడాది ద్రోణాచార్య అవార్డు పెట్టినప్పుడు మొదట అందుకున్నవాళ్లలో ఆయన ఒకరు. పద్మశ్రీ మాత్రం 2021లో వచ్చింది. అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. ఆ నూరో వంతు సెకను ఎన్ని తెల్లవారుజాముల్లో ఆయనకి గుర్తొచ్చి ఉంటుందో అని నేనన్నాను. "ఆ పిల్ల ఊర్లో పరిగెత్తిన మొదటి రోజు కూడా గుర్తొచ్చింటుంది కదప్పా" అన్నాడు మావాడు.

ఈ కొండలకి అవతలివైపు, సేలం జిల్లాలో, పెరియవడగంపట్టి ఉంది. హైజంపర్ మారియప్పన్ ఊరు. ఐదేళ్లప్పుడు బస్సు కింద పడి కుడికాలు నలిగిపోయింది. తల్లి కూరగాయలమ్మి పెంచింది. 2016 రియో పారాలింపిక్స్‌లో 1.89 మీటర్లు దూకి బంగారం, తర్వాత టోక్యోలో వెండి, 2024 పారిస్‌లో కాంస్యం. బెంగళూరులో అతన్ని తీర్చిదిద్దిన కోచ్ సత్యనారాయణ గారి పేరు దేశానికి తెలుసు. అంతకుముందు బళ్లో "నువ్వు దూకగలవు" అని చెప్పినవాడు ఆ స్కూలు డ్రిల్లు మాస్టారు. మావాడు ఆ సంగతి చెబుతున్నప్పుడు గొంతు కాస్త మారింది. ఆ మాస్టారి కోవకి చెందినవాడే ఇతనూ. పిల్లల్ని తయారుచేసి ఇంకొకరి చేతిలో పెట్టి పంపడం ఇతనికి జీవితమంతా అలవాటే. నాకు ఆ అలవాటు లేదు.

నాన్న


జనవరి 26, రాత్రి

అమ్మలూ,

ఇవాళ ఇక్కడి స్కూల్లో జెండా పండుగకి వెళ్లాం. మావాడు వారానికి నాలుగు రోజులు ఆ గ్రౌండుకి వెళతాడు. గ్రౌండు అంచున చింతచెట్టు కింద కూర్చుంటాడు, సున్నపు గీత దాటి లోపలికి పోడు. కొత్త పి.ఇ.టి. సార్ కుర్రవాడు. సందేహం వస్తే అతనే చెట్టు దగ్గరికి వస్తాడు. రాకపోతే మావాడు పిల్లల్ని చూసుకుని ఇంటికొచ్చేస్తాడు.

జెండా ఎగరేసి, మిఠాయిలు పంచాక పందేలు పెట్టారు. నన్నొక గడియారం పట్టమన్నారు. చేతి గడియారం ఎప్పుడూ అసలు కంటే తక్కువ చూపిస్తుందని నీకు చిన్నప్పుడు చెప్పేవాణ్ణి, గుర్తుందా? పరుగు మొదలైనట్టు మన కంటికి తెలిసి బొటనవేలు నొక్కేలోపే పిల్లలు కదిలి ఉంటారు. అందుకే 100 మీటర్లలో చేతితో తీసిన టైముకి 0.24 సెకను కలిపి లెక్కేసుకుంటాం. బొటనవేలికి పట్టే ఆలస్యం అంతే. రిటైరైన సంగతి నాకు తెలియడానికి మాత్రం పదకొండు నెలలు పట్టింది.

ఆఖర్న ఆడపిల్లల రిలే. మూడో పిల్ల వంపులో అందరినీ దాటుకుంటూ వచ్చింది. చెప్పుల్లేని కాళ్లు, రెండు జడలు మడిచి కట్టిన ఎర్ర రిబ్బన్లు. బ్యాటన్ చక్కగా అందించింది. అందించి, సంతోషం పట్టలేక, పక్క గీతలోకి గెంతింది. వెనకాల వస్తున్న పిల్ల తట్టుకుని పడబోయింది. నా నోటిదాకా అరుపు వచ్చింది. మావాడు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆగాను.

సాయంత్రం ఆ కుర్ర సారే మా దగ్గరికొచ్చి, "మీకేం కనిపించింది సార్?" అని అడిగాడు. పన్నెండు కనిపించాయి. ఒక్కటే చెప్పాను. బ్యాటన్ ఇచ్చినవాళ్లు అక్కడికక్కడ ఆగిపోకూడదు, పక్కకి పోకూడదు. తమ గీతలోనే మెల్లగా వేగం తగ్గించుకుంటూ, పక్కవాళ్లందరూ దాటిపోయాకే బయటికి రావాలి. అతను ఆ పిల్లని పిలిచి అరవంలో చెప్పాడు. చేతులతో చూపించాడు. ఆ పిల్ల అతనికేసి తలూపి పరిగెత్తింది. నా వైపు చూడలేదు. అలా చూడకపోవడం ఎంత బాగుందో నీకు రాసి చెప్పలేను.

వేలమంది పిల్లలకి ఈ పాఠం నేనే చెప్పాను. పరుగు ఎలా అందుకోవాలో, బ్యాటన్ ఎలా ఇవ్వాలో నెలల తరబడి నేర్పేవాణ్ణి. ఇచ్చాక నడవవలసిన ఆ కొద్ది దూరానికి ఒక్క వాక్యం చెప్పి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నేనున్నది ఆ దూరంలోనే. ఇక్కడ వేగం అక్కర్లేదు, కానీ గీత తప్పకూడదు.

ఊరు రాగానే ముందు గ్రౌండుకి వెళ్లి ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పుకుంటాను, పిల్లలు లేని వేళ చూసి కాదు, వాళ్లందరూ ఉన్నప్పుడే. ఆ తర్వాత అతను పిలిస్తే వెళతాను.

నా బీరువాలో కింది అరలో చిన్నోడి టైములు రాసిన నోటుబుక్కు ఉంది. వాడికిచ్చెయ్. చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి, బొమ్మలు వేసుకోమను. బూట్లు ఎక్కడ పెట్టుకున్నాడో అడక్కు.

ఎల్లుండి బయల్దేరుతున్నాను. మావాడు పది కర్రపెండలం కర్రలు తడి గోనెలో చుట్టి ఇస్తున్నాడు. నుయ్యి పక్కన ఖాళీ చోటు తవ్వించి ఉంచు. చిన్నోడూ నేనూ నాటతాం. కన్నులు ఏ వైపుకి ఉండాలో ముందే ఒక్కసారి చెబుతాను. ఆ తర్వాత వాడు ఏదైనా తలకిందులు పెడితే, సాయంత్రం దాకా ఆగుతాను.

నాన్న