చినుకు దెబ్బ

ఏమండీ, మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలున్నారా? ఉంటే ద్రవ్యవేగమంటే ఏమిటో ఓసారి అడిగి చూడండి. "ద్రవ్యరాశి ఇంటూ వేగం" అని ఠకీమని చెప్పేస్తారు. మరి ప్రచోదనమో? "బలం ఇంటూ కాలం." అదీ వచ్చేసింది. ఈ రెంటికీ చుట్టరికమేంట్రా అంటే మాత్రం తలెత్తి ఫ్యాను వైపు చూస్తారు. వాళ్లను అనేం లాభం లెండి. సూత్రం ముందొచ్చి సంగతి వెనకాల వస్తే ఎవరికైనా అంతే.

సంగతి నిజానికి చిన్నదే. కదిలే వస్తువు ఆగాలంటే దాని ద్రవ్యవేగమంతా పోవాలి. అది అప్పు లాంటిది, పైసా తగ్గదు. ఒక్కసారిగా కట్టమంటే నడ్డి విరుగుతుంది, కంతుల్లో కడితే ఊపిరాడుతుంది. బలమంటే ఆ కంతే, గడువంతా కట్టిన మొత్తమే ప్రచోదనం. గడువు పెరిగితే కంతు తగ్గుతుంది, అంతకన్నా మర్మమేం లేదు. 1687లో అచ్చయిన తన పుస్తకంలో న్యూటన్ రెండో నియమాన్ని చెప్పింది కూడా ద్రవ్యవేగంలో వచ్చే మార్పు గురించే.

2024 సెప్టెంబరులో మా అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి కదా, క్యాచ్ పట్టేవాళ్ల చేతులు గమనించారా? బంతి సుమారు 160 గ్రాములు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చిందనుకోండి. చేతుల్ని అర మీటరు వెనక్కి లాక్కుంటూ పడితే అది ఆగడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. అరచేతి మీద పడేది 64 న్యూటన్లు, అంటే ఆరున్నర కిలోల బరువు. చేతులు బిగబట్టి ఐదు సెంటీమీటర్లలోనే ఆపారా, అరవై అయిదు కిలోలు! బంతి అదే, వేగం అదే.

దెబ్బ గట్టిగా తగలాలని కోరుకునేవాళ్లూ మా దగ్గర లేకపోలేదు. బోరు బండి వాళ్లనే చూడండి. భూమి లోపల గాలి ఒత్తిడితో హ్యామర్ టకటకా బిట్టును కొడుతుంది. ఒక్కో దెబ్బకూ పట్టే సమయం ఎంత తక్కువైతే రాతికి అంత నొప్పి.

ఇక అసలు కబురు వాన గురించి. మా జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి, బంగాళాఖాతమేమో దూరం. అందుకే వచ్చే ప్రతి చినుకుకూ మేం ఎదురుచూస్తాం. ఆ చినుకే నేలను కొడుతుందంటే నమ్ముతారా?

అయిదు మిల్లీమీటర్ల పెద్ద చినుకును తీసుకుందాం. బరువు 65 మిల్లీగ్రాములు. గాలి అడ్డుపడకపోతే రెండు కిలోమీటర్ల ఎత్తునుంచి పడేసరికి సెకనుకు 200 మీటర్ల వేగం అందుకునేది. గాలి పుణ్యమా అని తొమ్మిది దగ్గర ఆగుతుంది. నేలకు తగిలి చదునవ్వడానికి అర మిల్లీసెకను చాలు. ముతక లెక్కే గానీ వేసి చూడండి, బలం ఒక న్యూటను దాటుతుంది. చినుకు సొంత బరువుకు పదహారు వందల రెట్లకు పైనే!

తమాషా ఏమిటంటే, సగటు తీస్తే ఈ దెబ్బ కనపడదు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన ఎకరం మీద పడితే రెండొందల టన్నుల నీళ్లు. చినుకులన్నీ అంత పెద్దవే అనుకున్నా, గంటసేపటి సగటు బలం ఎకరమంతటికీ యాభై కిలోల బరువు, అంటే ఒక్క సిమెంటు మూట. ఇంతేనా అనిపిస్తుంది. కానీ నేల సగటును భరించదు, ఒక్కో చినుకును ఒక్కోచోట, అర మిల్లీసెకనులో భరిస్తుంది.

చెనిక్కాయ విత్తడానికి దుక్కి చేసిపెట్టిన ఎర్రనేల బోడిగా ఉంటుంది. చినుకు తగిలిన చోట మట్టిగడ్డ చితుకుతుంది, సన్నటి రేణువులు ఎగిరి పక్కనున్న రంధ్రాల్లో కూరుకుపోతాయి. ఇక నీళ్లు లోపలికి దిగవు, ఎర్రగా వంకలోకి పారిపోతాయి. రెండెండలు కాస్తే పైన పెచ్చు కడుతుంది, మొలక తల ఎత్తలేక సతమతమవుతుంది. పదును అయ్యిందని మురిసేలోపే సగం వాన ఊరు దాటేసినట్టు.

మందు కూడా ఈ పాఠంలోనే ఉంది. చినుకు ఆకు మీద పడితే ఆకు వంగుతుంది, గడువు పెరుగుతుంది, దెబ్బ తగ్గుతుంది. పైగా చినుకు చిన్న బొట్లుగా చీలి తక్కువ ఎత్తునుంచి జారుతుంది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లడం, నేలపై చెత్తతో ఆచ్ఛాదన పరచడం ఊరికే కాదు. తేమ, ఎరువు సంగతి ఎలాగూ ఉంది, దాంతోపాటు చినుకుకు మెత్తటి చోటు కూడా దొరుకుతుంది.

కాబట్టి ఈసారి మీ పిల్లవాడికి ఈ లెక్క ఇవ్వండి. ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తున్న ఆకు మీదినుంచి జారిన బొట్టు నేలను తాకేటప్పుడు వేగమెంత? జవాబు సెకనుకు రెండున్నర మీటర్లు దాటకూడదు. దాటిందంటే మళ్లీ చెయ్యమనండి.